నేల మీద రంగు గీత ఎలా పుట్టింది

1950 జూన్ 10న హైదరాబాద్ రాష్ట్రంలో కౌలుదారీ చట్టం అమల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి ఒకే చెలక దున్నుకుంటున్న రైతును దొర తన ఇష్టానికి వెళ్ళగొట్టడానికి వీల్లేదని, అతని పేరు రక్షిత కౌలుదారుగా రికార్డులో ఎక్కించాలని ఆ చట్టం చెప్పింది. కొద్ది వారాల తేడాతో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పార్లమెంటు ఇంకో భూమి చట్టం చేసింది. దాని పేరు గ్రూప్ ఏరియాస్ చట్టం. డబ్బు పోసి కొని, రిజిస్ట్రీ చేయించుకుని, ఏటా పన్ను కడుతున్న ఇంటి నుంచి కూడా మనిషిని అతని జాతి చూసి ఖాళీ చేయించవచ్చని అది చెప్పింది. అలా ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్ళలో వేలాదిమంది తెలుగువాళ్ళున్నారు. విశాఖ, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి చెరకు తోటలకు కూలికి వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనవలు వాళ్ళు.

హుజూర్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు మనుషులకు కాగితం మీద భూమి ఎట్లా పోతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పహాణీలో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి. ఆ రెండు గడుల మధ్య ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో ప్రతి ఊరికీ తెలుసు. అందుకే ఆఫ్రికాలో తెల్లదొరలు నేలను జాతుల వారీగా ఎలా పంచారో మా పక్క పాఠకుడు తొందరగా పట్టుకోగలడు. ఒక దుర్మార్గుడు ఒక్క రాత్రిలో చేసిన పని కాదది. వందేళ్ల పాటు, ఆఫీసుల్లో, కమిషన్లలో, మునిసిపల్ కౌన్సిళ్లలో ముక్క ముక్కగా తయారైంది. ప్రతి ముక్కనూ ముందు ఒక చిన్న గుంపు మీద ప్రయోగించి చూశారు. మిగిలిన గుంపులు అది తమ జోలికి రాదని ఊరుకున్నాయి.

మొదలు చూడాలంటే నాటాల్‌కు పోవాలి. 1843లో ఇంగ్లీషువాళ్ళు ఆ ప్రాంతాన్ని కలుపుకున్నారు. అక్కడి జులూ జనాన్ని ఏం చేయాలన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న. 1846-47లో ఒక కమిషన్ కూర్చుంది. అందులో ముఖ్యుడు థియోఫిలస్ షెప్‌స్టోన్. ఆఫ్రికన్లకు ‘లొకేషన్లు’ అని కొన్ని ప్రాంతాలు విడిగా గీసి, తక్కిన నేలను తెల్లవాళ్ళకు పంచే పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. గుట్టలు, లోయలు, రాళ్ళు ఉన్న చోట్లు ఎక్కువగా లొకేషన్లయ్యాయి. 1849లో గుడిసెకు 7 షిల్లింగుల పన్ను వేశారు. పన్ను కట్టాలంటే నాణెం కావాలి, నాణెం కావాలంటే తెల్లవాడి పొలంలో కూలికి రావాలి. భూమిని తగ్గించడం, పన్ను వేయడం ఒకే పనికి రెండు చేతులు. ఆ తర్వాత ఆఫ్రికా ఖండంలో ఇంగ్లీషువాళ్ళు ఎక్కడ స్థిరపడినా ఈ రెండు చేతులే కనిపిస్తాయి.

అయినా జులూలు చెరకు తోటలకు కావలసినంతమంది రాలేదు. వాళ్ళకింకా సొంత నేల కొంత మిగిలే ఉంది, పశువులున్నాయి. పన్ను కట్టడానికి కొన్ని నెలలు పనిచేసి ఇంటికి పోయేవాళ్ళు. ఏడాది పొడవునా కదలకుండా పనిచేసే మనుషులు కావాలని తోటల యజమానులు ఒత్తిడి పెట్టారు. అలా మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో 1860 నవంబర్ 16న డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది కూలీలు అలా వెళ్ళారు. మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళు. అరవం మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు ఒకే బారకాసులో పడుకున్నారు.

ఆ కూలీలకు నాటాల్ ప్రభుత్వం భూమి ఇస్తానని మాట ఇచ్చింది. ఐదేళ్ళ ఒప్పందం, ఆ పైన ఇంకో ఐదేళ్ళు పూర్తి చేసిన కూలీకి ఇండియాకు తిరుగు ప్రయాణం ఉచితం. వెళ్ళకుండా అక్కడే ఉంటానంటే, ఓడ చార్జీ విలువకు సరిపడా సర్కారు భూమి తీసుకోవచ్చని 1870 నాటి చట్టంలో రాశారు. కరువు జిల్లాల నుంచి వచ్చిన భూమి లేని మనిషికి అది ఎంత పెద్ద మాటో మనకు తెలుసు. దాన్ని నమ్మి మిగిలిపోయినవాళ్ళు ఉన్నారు. భూమి మాత్రం చాలా కొద్దిమందికే దక్కింది. 1891లో ఆ నిబంధననే చట్టంలోంచి తీసేశారు.

ఎందుకు తీసేశారో చూస్తే తర్వాతి కథంతా అర్థమవుతుంది. ఒప్పందం ముగిసిన కూలీలు ఉంగేని నది ఒడ్డున, డర్బన్ చుట్టుపక్కల గుట్టల వాలున, కాటో మేనర్‌లో చిన్న చిన్న ముక్కలు కౌలుకు తీసుకుని కూరగాయలు వేశారు. తెల్లవాళ్ళు పనికిరాదని వదిలేసిన చిత్తడి నేలలు చాలావరకు అవే. తెల్లారకముందే మొక్కలకు నీళ్ళు పోసి, బుట్టలకెత్తుకుని నడిచి బజారుకు వచ్చి, వంకాయ, బెండ, మిరప, కొత్తిమీర అమ్మారు. కొన్నాళ్ళకు డర్బన్ పట్నం తినే కూర చాలావరకు వాళ్ళ తోటలదే అయింది. కౌలు ముక్కలు కొందరికి సొంత ముక్కలయ్యాయి. కూలిగా వచ్చినవాడు కూలిగానే ఉండాలి గాని పక్క వీధిలో ఇల్లు కొంటే ఎలాగని తెల్లవాళ్ళకు గుబులు పుట్టింది. భారతీయ రైతు ఓడినందుకు కాదు, గెలిచినందుకే అతని మీదికి చట్టాలు వచ్చాయి.

1895లో ఇంకో చట్టం తెచ్చారు. ఒప్పందం ముగిసినా అక్కడే ఉండిపోయే ప్రతి మనిషీ ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలి. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళు, ఆ తర్వాత పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలు కూడా. ఒప్పంద కూలీకి మొదటి ఏడాది నెల జీతం 10 షిల్లింగులు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. అంటే తలకు ఆరు నెలల జీతం. భార్య, ఎదిగిన కూతురు ఉన్న ఇంట్లో ఆ లెక్క ఎక్కడ తేలుతుందో వేరే చెప్పాలా. కట్టలేనివాళ్ళు మళ్ళీ ఒప్పందం కింద తోటకు పోయారు, లేదా ఓడెక్కారు.

ఈలోగా పక్కనున్న ట్రాన్స్‌వాల్ అనే బోయర్ల (డచ్చి సంతతి తెల్లవాళ్ళ) రాజ్యం ఇంకో పనిముట్టు తయారుచేసింది. అక్కడ 1885 నాటి మూడో నంబరు చట్టం ప్రకారం ఆసియావాళ్ళు స్థిరాస్తి కొనకూడదు. 1886లో దాన్ని కాస్త సవరించి, ప్రభుత్వం చూపించిన వీధుల్లో, పేటల్లో మాత్రం కొనవచ్చన్నారు. ఆరోగ్యం కోసమే ఇలా విడగొడుతున్నామని కారణం రాశారు. ఆ కారణం ఎంత నిజమో జొహానెస్‌బర్గ్‌లో తేలింది. భారతీయుల పేటను మునిసిపాలిటీ తన చేతిలోకి తీసుకుని, ఎవరి ఇల్లూ వాళ్ళది కాకుండా చేసి, మురుగు ఎత్తకుండా వదిలేసింది. 1904లో అక్కడ ప్లేగు వచ్చింది. జనాన్ని ఊరికి దూరంగా తరలించి పేట మొత్తాన్ని కాల్చేశారు. ముందు మురికిలో పెట్టి, తర్వాత మురికివాళ్ళని పేరు పెట్టి, చివరికి దూరంగా నెట్టడం. ఇదే వరస తర్వాతి యాభై ఏళ్ళలో ఎన్నోసార్లు నడిచింది.

ఇంగ్లీషువాళ్ళు బోయర్లను ఓడించిన యుద్ధం ముగిశాక, 1903-05 మధ్య ఇంగ్లీషు ప్రభుత్వం వేసిన లాగ్డెన్ కమిషన్ తెల్లవాళ్ళ నేలను, నల్లవాళ్ళ నేలను శాశ్వతంగా వేరుచేయాలని సిఫారసు చేసింది. షెప్‌స్టోన్ నాటాల్‌లో చేసిన పని అప్పుడు దేశమంతటికీ విధానమైంది. ఆ వలసలన్నీ దక్షిణాఫ్రికా అనే ఒకే దేశంగా కలిశాక, 1913 జూన్ 19న నేటివ్స్ ల్యాండ్ చట్టం వచ్చింది. దేశంలోని భూమిలో దాదాపు 7 శాతాన్ని ఆఫ్రికన్లకు కేటాయించి, దాని బయట వాళ్ళు కొనడాన్ని, కౌలుకు తీసుకోవడాన్ని నిషేధించింది. 1911 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో సుమారు 60 లక్షలమంది ఉంటే అందులో 40 లక్షలు ఆఫ్రికన్లు. తెల్లవాళ్ళు 13 లక్షలకు లోపు.

ఈ చట్టం అసలు దెబ్బ ఎవరి మీద పడిందో మా వైపు వాళ్ళు ఇట్టే గ్రహిస్తారు. పాలుకు చేసేవాళ్ళ మీద పడింది. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో వేలాది ఆఫ్రికన్ కుటుంబాలు సొంత ఎడ్లు, సొంత నాగళ్ళు, సొంత విత్తనం పెట్టుకుని తెల్లవాళ్ళ భూమిని సగపాలుకు చేసేవి. పంటలో సగం భూమి యజమానికి, సగం తమకు. కొందరు ఆ సగంతోనే తెల్ల రైతుకన్నా బాగా బతికారు. కొత్త చట్టం ఆ పద్ధతిని అక్కడ రద్దుచేసింది. ఇకమీదట అక్కడ ఉండాలంటే కూలీగా ఉండాలి, తన ఎడ్లను కూడా యజమాని పనికే కట్టాలి. ఒప్పుకోనివాళ్ళు పశువులను తోలుకుని రోడ్డెక్కారు. అది అక్కడ చలికాలం. మేపడానికి ఎక్కడ ఆగినా అది ఎవరో తెల్లవాడి పొలమే, ఆగితే నేరమే.

సాల్ ప్లాట్జే అనే పత్రికా సంపాదకుడు సైకిల్ మీద ఆ రోడ్ల వెంట తిరిగి ఆ కుటుంబాలను కలుసుకున్నాడు. తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా మారిన సంస్థకు ఆయన మొదటి కార్యదర్శి. 1916లో వచ్చిన ఆయన పుస్తకం ‘నేటివ్ లైఫ్ ఇన్ సౌతాఫ్రికా’లో కొబాదీ అనే కుటుంబం సంగతి ఉంది. ఆ ప్రయాణంలో వాళ్ళ పసిబిడ్డ చనిపోయింది. పూడ్చడానికి ఆ తల్లిదండ్రులకు తమదనే జానెడు నేల లేదు. ఎవరూ చూడకుండా రాత్రివేళ, ఎవరిదో భూమిలో గుంట తవ్వి పూడ్చిపెట్టి పొద్దున్నే ముందుకు కదిలారు. ఈ చట్టం గురించి ఎన్ని అంకెలు చెప్పినా ఆ ఒక్క రాత్రి చెప్పినంత చెప్పలేవు.

ఇక్కడ కొందరు పాఠకులు నన్నొక ప్రశ్న అడుగుతారు. మన దగ్గర 1/70 చట్టం లేదా, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని అది కూడా పుట్టుకను బట్టే కదా చెప్పేది అని. దక్షిణాఫ్రికా పాలకులు సరిగ్గా ఈ వాదనే చేశారు. ఆఫ్రికన్ల ప్రాంతంలో తెల్లవాడు కొనకూడదని కూడా మా చట్టంలో ఉంది, ఇది ఇద్దరికీ సమానం, పైగా వాళ్ళ రక్షణ కోసమే అన్నారు. ఆ వాదనను గెలిచేది ఒక్కటే, లెక్క. మూడింట రెండు వంతుల జనానికి 7 శాతం నేల గీసి ఇది రక్షణ అనడం అబద్ధం. 1/70 గిరిజనుడిని అతని ఊళ్ళోనే నిలబెట్టడానికి చేసింది, అతను హైదరాబాద్‌లో ఇల్లు కొనకుండా ఎక్కడా అడ్డుపడదు. 1913 చట్టం ఆఫ్రికన్‌ను అతని ఊరి నుంచే లేపింది, దేశంలో ఎక్కడికి పోయినా అడ్డం నిలబడింది. రెండింటినీ ఒక గాటన కట్టేవాళ్ళు చట్టం మాటలు చూస్తున్నారు గాని భూమి ఎటు పోయిందో చూడడం లేదు.

అదే 1913లో గాంధీ నాయకత్వంలో నాటాల్ బొగ్గుగనుల కూలీలు, చెరకు తోటల కూలీలు సమ్మె చేశారు. జైళ్ళకు వెళ్ళారు, కాల్పుల్లో చనిపోయారు. 1914లో 3 పౌన్ల పన్ను రద్దయింది. అది గొప్ప పోరాటమే. కానీ అదే ఏడాది ఆఫ్రికన్ల కాళ్ళ కింద నేల పోతుంటే భారతీయ నాయకత్వం ఆ పోరాటాన్ని తన పోరాటంగా చేసుకోలేదు. మన సమస్య వేరు, వాళ్ళ సమస్య వేరు అనుకుంది. తెల్ల ప్రభుత్వానికి కావలసింది కూడా అదే. ఈ విడివిడి దారుల ఖరీదు తర్వాత అందరూ కట్టారు.

ఖండంలో పైకి పోతే కెన్యాలో అదే గీత. 1902 నాటి క్రౌన్ ల్యాండ్స్ చట్టంతో మొదలై, 1915 చట్టంతో తెల్ల రైతులకు 999 ఏళ్ళ లీజులు ఇచ్చారు. ఎత్తైన, చల్లని, సారవంతమైన పీఠభూమి తెల్లవాళ్ళదేనని, ఆసియావాళ్ళకు అక్కడ భూమి లేదని 1923లో లండన్ తేల్చిచెప్పింది. రైలు పట్టాలు వేయడానికి పంజాబు నుంచి తెచ్చిన కూలీలు కూడా ఆ పీఠభూమిలో ఎకరం కొనడానికి లేదు. కికుయు ప్రజల మాట సరేసరి, ఆ భూముల్లో చాలావాటిలో వాళ్ళు తాతముత్తాతల నుంచి ఉన్నారు. దక్షిణ రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) 1930లో ల్యాండ్ అపోర్షన్‌మెంట్ చట్టం తెచ్చారు. సుమారు 50 వేలమంది తెల్లవాళ్ళకు దేశంలో సగానికి పైగా భూమి. పది లక్షలకు పైగా ఉన్న ఆఫ్రికన్లకు మూడో వంతు కూడా లేదు.

హైదరాబాద్ బిడ్డ సరోజినీ నాయుడు 1924 జనవరిలో మొంబాసా వెళ్ళి అక్కడి భారతీయుల కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించి, కెన్యా పీఠభూమి గురించి తెల్ల ప్రభుత్వాన్ని నిలదీశారు. అక్కడి నుంచి దక్షిణాఫ్రికా వెళ్ళారు. పట్నాల్లో భారతీయులకు విడి పేటలు గీసే క్లాస్ ఏరియాస్ బిల్లు అప్పుడు పార్లమెంటు ముందుంది. ఊరూరా సభల్లో మాట్లాడారు, ప్రధానమంత్రి స్మట్స్‌ను కలిశారు. ఆ ఏడాది ఎన్నికల్లో స్మట్స్ ఓడిపోవడంతో బిల్లు మురిగిపోయింది. గెలిచినవాళ్ళు మరుసటి ఏడాదే ఇంకో పేరుతో ఇంకో బిల్లు తెచ్చారు. 1927లో కేప్‌టౌన్ ఒప్పందం కుదిరి అదీ ఆగింది. భారత ప్రభుత్వ ఏజెంట్ ఒకరు అక్కడ ఉండే ఏర్పాటు జరిగింది. మొదటి ఏజెంట్ శ్రీనివాస శాస్త్రి. ఆయన తర్వాత 1929 నుంచి 1932 వరకు ఆ పదవిలో ఉన్నది తెలుగువాడైన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. గోదావరి జిల్లా వకీలు, మద్రాసులో మంత్రిగా చేసినవాడు. ఆయన అక్కడున్న కాలంలోనే, 1931లో, డర్బన్‌లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఆయన వెళ్ళిపోయే ఏడాదే ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాళ్ళ భూమి హక్కుల మీద మరో చట్టం వచ్చింది. ఏజెంట్లు వినతులు రాయగలిగారు, బిల్లులను ఆలస్యం చేయగలిగారు. ఆపగలిగే బలం వాళ్ళ వెనక లేదు. వాళ్ళను పంపిన ఢిల్లీ ప్రభుత్వం కూడా ఇంగ్లీషువాళ్ళదే.

డర్బన్ కౌన్సిల్ మాత్రం పార్లమెంటు కోసం ఎదురుచూడలేదు. మునిసిపల్ స్థలాలను అమ్మేటప్పుడు కొనేవాడి జాతిని షరతుగా పెట్టే అధికారం 1922లోనే తెచ్చుకుంది. తర్వాత భారతీయులు తెల్లవాళ్ళ వీధుల్లోకి చొరబడుతున్నారని గోల లేపింది. ఆ చొరబాటును లెక్కించడానికి బ్రూమ్ అనే న్యాయమూర్తి కింద కమిషన్ వేశారు. 1943లో పెగ్గింగ్ చట్టం వచ్చింది. డర్బన్‌లో తెల్లవాడికీ భారతీయుడికీ మధ్య ఇల్లు అమ్మకం, కొనుగోలు పర్మిట్ లేకుండా జరగకూడదు. మూడేళ్ళకు అది ముగిసేలోపు 1946 జూన్‌లో దాన్ని శాశ్వతం చేస్తూ మరో చట్టం. భారతీయులు దానికి ఘెట్టో చట్టం అని పేరు పెట్టారు.

1946 జూన్ 13న డర్బన్‌లో గేల్ స్ట్రీట్, ఉంబిలో రోడ్డు కలిసే మూలన ఉన్న ఖాళీ స్థలంలో సత్యాగ్రహులు డేరాలు వేశారు. చట్టం ప్రకారం అది తెల్లవాళ్ళకు కేటాయించిన స్థలం. నాయకులు డాక్టర్ మాంటీ నాయకర్, డాక్టర్ యూసుఫ్ దాదూ. రాత్రిపూట తెల్ల కుర్రకారు వచ్చి డేరాలు కూల్చి కొట్టేవాళ్ళు. పొద్దున మళ్ళీ డేరా లేచేది. ఆడవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు. సుమారు 2000 మంది జైలుకు వెళ్ళారు. భారత ప్రభుత్వం ఆ దేశంతో వ్యాపారం తెంచుకుని, ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది.

సరిగ్గా మూడు వారాలకు, 1946 జూలై 4న, కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తెలంగాణ రైతాంగ పోరాటం సాయుధమైంది అక్కడి నుంచే. డర్బన్‌లో డేరా వేసినవాళ్ళకు కడవెండి పేరు తెలిసి ఉండదు, కడవెండివాళ్ళకు గేల్ స్ట్రీట్ తెలియదు. రెండు చోట్లా తగాదా మాత్రం నేల మీదే.

మా వైపు భూమి ఒకచోట పోగుపడిన తీరు వేరు. అక్కడ చర్మం రంగు, ఇక్కడ పదవి, కులం. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో (1853-1883) శిస్తు గుత్తలు తీసేసి, సర్వే చేయించి, సర్కారే నేరుగా రైతు నుంచి శిస్తు తీసుకునే పద్ధతి పెట్టారు. చూడడానికి మంచి సంస్కరణే. కానీ అప్పటిదాకా శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు ఏ ఊళ్ళో ఏ చెలక ఎట్లాంటిదో, ఏ కుంట కింద ఎంత సాగవుతుందో అంతా తెలుసు. పట్వారీ వాళ్ళ మనిషి. సర్వే జరుగుతుంటే మంచి భూములన్నీ తమ పేర్ల మీద పట్టా రాయించుకున్నారు. అప్పటిదాకా దున్నుకుంటున్న రైతు తెల్లారేసరికి కౌలుదారు అయ్యాడు. వెట్టి అతని మెడకు చుట్టుకుంది. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన లెక్కల ప్రకారం సూర్యాపేట ప్రాంతంలోని జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి ఒక లక్షా యాభై వేల ఎకరాలు. సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20 వేలు, మిర్యాలగూడ తాలూకా బాబాసాహెబ్‌పేట దేశ్‌ముఖ్‌కు 10 వేలు. మాల మాదిగలు భూమి కొనకూడదని నిజాం చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

అందుకే 1950 కౌలుదారీ చట్టం మా తాలూకాల్లో అంత విలువైనది. సాయుధ పోరాటం లేకుండా అది వచ్చేది కాదు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో ఈ చట్టం, రెండూ ఆ నెత్తుటి వెనకే వచ్చాయి. రక్షిత కౌలుదారును పట్టాదారును చేసే 38-ఇ సెక్షన్ తెలంగాణ జిల్లాల్లో చాలావాటిలో అమలయింది 1973లో. ఈలోపు 1967లో సాగర్ ఎడమ కాల్వ నీళ్ళు వచ్చి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మెట్ట చెలకలు వరి పొలాలయ్యాయి, ధర పెరిగింది. ఆ ఇరవై మూడేళ్ళ జాప్యంలో ఎందరు కౌలుదారుల పేర్లు రికార్డుల్లోంచి జారిపోయాయో పాత కాస్రా పహాణీలు తిరగేసిన ఏ వకీలునైనా అడగండి.

డర్బన్‌కు మళ్ళీ వద్దాం. 1947 మార్చి 9న దాదూ, నాయకర్, ఆఫ్రికన్ కాంగ్రెస్ నాయకుడు డాక్టర్ జూమా కలిసి పనిచేస్తామని ఒప్పందం రాసుకున్నారు. 1913లో జరగాల్సిన పని అది. ఆలస్యమైపోయింది. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లు, భారతీయుల మధ్య ఘర్షణలు చెలరేగి 142 మంది చనిపోయారు. కాటో మేనర్ ఎక్కువగా కాలిపోయింది. అక్కడ భూమి చాలావరకు భారతీయులది, గుడిసెలు అద్దెకు తీసుకుని ఉన్నది ఆఫ్రికన్లు. పట్నంలో ఆఫ్రికన్ భూమి కొనే వీలే లేకుండా చేసిన చట్టమే ఒకణ్ణి ఇంటి యజమానిని, ఒకణ్ణి కిరాయిదారును చేసింది. ఆ కోపం చట్టం చేసినవాడి మీదికి పోలేదు. అద్దె వసూలు చేసేవాడి మీదికి పోయింది. జాతులు కలిసి ఉండలేవనడానికి ఇదే రుజువని ప్రభుత్వం చాటింది.

గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక డర్బన్ కౌన్సిల్ ఒక సాంకేతిక ఉపసంఘాన్ని వేసి పట్నం మ్యాపు ముందర పెట్టుకుంది. ఏ జాతి ఎక్కడ ఉండాలో కొత్తగా గీసింది. జాతికీ జాతికీ మధ్య నదులు, గుట్టలు, రైలు పట్టాలు హద్దులుగా ఉండాలని, అవి లేని చోట ఖాళీ పట్టీలు వదలాలని నిర్ణయించింది. ఒక జాతివాళ్ళు పనికి పోయేటప్పుడు కూడా ఇంకో జాతి వాడకట్టు దాటి పోకూడదట. షెప్‌స్టోన్ వందేళ్ళ కిందట గుట్టల మధ్య మొదలుపెట్టిన పనికి ఇది ఇంజినీర్ల చేతిలో పూర్తయిన రూపం. 1958 జూన్‌లో ప్రకటన వెలువడింది. కాటో మేనర్ తెల్లవాళ్ళ ప్రాంతమైంది. ఉంగేని ఒడ్డు రివర్‌సైడ్‌ కూడా పోయింది. ఆఫ్రికన్లను క్వామాషు, ఉమ్లాజీలకు, భారతీయులను చాట్స్‌వర్త్‌కు తరలించారు.

చాట్స్‌వర్త్ 1964లో మొదలైంది. దాని కోసం అక్కడి భారతీయ రైతుల అరటి తోటలను ముందు లాక్కున్నారు. పేటలకు పేర్లు లేవు, యూనిట్ ఒకటి, యూనిట్ రెండు. వీధులకూ అంకెలే. మునిసిపాలిటీలో చెత్త ఎత్తి, రోడ్లు ఊడ్చిన తెలుగు, తమిళ కుటుంబాలు తరాల తరబడి ఉన్న మ్యాగజీన్ బ్యారక్స్‌ను కూడా ఖాళీ చేయించి అక్కడికే పంపారు. ఒకే వాడకట్టున ఉన్న అన్నదమ్ములు వేర్వేరు యూనిట్లలో పడ్డారు. పని ఉన్న పట్నానికీ ఇంటికీ మధ్య బస్సు కిరాయి జీతాన్ని తినేసింది. కాటో మేనర్‌లో ఇళ్ళు కూల్చిన చోట కొన్ని గుళ్ళు మిగిలాయి. తక్కిన నేలలో చాలా భాగం దశాబ్దాల పాటు ఏమీ కట్టకుండా గడ్డి మొలిచి పడి ఉంది. తెల్లవాళ్ళకు ఆ భూమి అంత అవసరమే లేదు. అవతలివాళ్ళు అక్కడ ఉండకూడదన్నదే వాళ్ళ అవసరం.

1991 జూన్‌లో ఈ చట్టాలన్నిటినీ రద్దుచేశారు. 1994లో మండేలా ప్రభుత్వం భూమి హక్కుల పునరుద్ధరణ చట్టం తెచ్చింది. 1913 జూన్ 19 తర్వాత జాతి చట్టాల వల్ల భూమి పోయినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. 1998 డిసెంబర్ 31 గడువు. పట్నాల్లో పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది భూమి బదులు డబ్బే తీసుకోవాల్సి వచ్చింది. ఆ 1913 తేదీ అన్యాయమైనదని నేను అనుకుంటున్నాను. షెప్‌స్టోన్ లొకేషన్లలోకి నెట్టిన జులూలు, ట్రాన్స్‌వాల్ 1885 చట్టంతో హక్కు పోయినవాళ్ళు, 1891లో మాట తప్పిన భూమి కోసం ఎదురుచూసిన తెలుగు, తమిళ కూలీలు దాని కిందికి రారు. 2017లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం భూముల లెక్క తీసింది. వ్యక్తుల పేర ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం తెల్లవాళ్ళది. భారతీయులది 5 శాతం. దేశంలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందిగా ఉన్న ఆఫ్రికన్లది 4 శాతం.